కొమ్ములు లేని దయ్యం

మా కళ్లజోళ్ల షాపు ముందునుంచి చూస్తే అంతా అద్దాలూ వెలుగూ. వెనక గది మాత్రం తడితడిగా, మసకగా ఉంటుంది. మాస్టారు అక్కడే ముప్పై ఏళ్లకి పైగా పని చేశారు. ఫ్రేముకి తగ్గట్టు అద్దం అంచు అరగదీయడం ఆయన పని. చక్రం తిరుగుతుంటుంది, దాని మీద సన్నగా నీళ్లు కారుతుంటాయి, అద్దం పొడి ఆ నీళ్లలో కలిసి సున్నంలా పేరుకుంటుంది. సాయంత్రానికి ఆయన వేళ్లు, కనుబొమలు, చొక్కా జేబు అన్నీ తెల్లబడేవి. నేను ముందు కౌంటర్లో ఉండేదాన్ని. మా ఇద్దరికీ మధ్య గోడలో చిన్న కిటికీ. చీటీ అందులోంచి లోపలికి పోయేది, కళ్లజోడు బయటికి వచ్చేది, కబుర్లు రెండు వైపులా పోతుండేవి.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఆదివారం పొద్దున చర్చిలో పిల్లలకి చెప్పేవారు, అందుకే మాస్టారు. మనిషి సన్నం, గొంతు లావు. హాస్యం ఉండేది. ఒకసారి ఒకావిడ కొత్త కళ్లజోడు పెట్టుకుని, "ఎన్ని మార్చినా మా ఆయన మొహం సరిగ్గా కనపడట్లేదండీ" అని కౌంటర్లో గోల పెడితే, కిటికీలోంచి తల పెట్టి, "అద్దంలో పవర్ పెంచగలను గానీ తల్లీ, ఆయన మొహంలో ఏం పెంచగలను?" అన్నారు. ఆవిడ పక్కనే నిలబడ్డ మొగుడు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆయన భార్య చాలా ఏళ్ల కిందట పోయిందని, ఒక్కతే కూతురని, ఆ అమ్మాయి ఎక్కడో ఉంటుందని, రాకపోకలు లేవని నాకు తెలుసు. అంతకంటే తెలియదు. అడిగితే చక్రం గట్టిగా తిప్పేవారు. ఆ చప్పుడులో ఇంక మాటలు వినపడవు.

నాకు లావుపాటి పుస్తకాల పిచ్చి. మంత్రగాళ్లు, శాపాలు, రాక్షసులు, పాతాళ రాజ్యాలు ఉన్న కథలు. గిరాకీ లేనప్పుడు కౌంటర్ కింద పెట్టుకుని చదువుకునేదాన్ని. ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం అలాంటిదే ఒకటి చదువుతున్నాను. అట్ట మీద ఎర్రటి కళ్లు, మెలితిరిగిన కొమ్ములు, నోట్లోంచి పొగ. మాస్టారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆ బొమ్మ చూసి పకపకా నవ్వారు.

"దయ్యం ఇంత పద్ధతిగా కొమ్ములు పెట్టుకుని వస్తే ఇంకేం కావాలమ్మాయ్! చిన్నపిల్లాడు కూడా చూసి పారిపోతాడు."

"మరి మీ వాక్యంలో దయ్యం ఎలా ఉంటుందేమిటి?" అన్నాను. ఆయన దగ్గర విని విని బైబిలు గ్రంథాన్ని వాక్యం అనడం నాకూ అలవాటైంది.

"ఎలా ఉంటుందో ఒక్క ముక్క రాయలేదు. కొమ్ముల్లేవు, తోకలేదు, రంగు లేదు. అది పట్టిన మనిషే కనపడతాడు. సమాధుల్లో తిరుగుతూ రాళ్లతో ఒళ్లు చీరుకునేవాడు కనపడతాడు. నిప్పుల్లో నీళ్లలో పడిపోయే కుర్రవాడు కనపడతాడు. దయ్యం మాత్రం కనపడదు. మాట వినిపిస్తుంది, అంతే."

"చచ్చిపోయినవాళ్లా?"

"అదీ మనవాళ్ల తప్పే. దయ్యం అనగానే చచ్చినవాళ్లు చింపిరి జుట్టుతో వస్తారనుకుంటారు. వాక్యంలో చచ్చినవాళ్లెవరూ దయ్యాలవ్వరు. అవి వేరు. అపవిత్రాత్మలు."

నాకు సరదా పుట్టింది. "మా పుస్తకంలో అయితే దయ్యాలకి ఏడు కోటలు, ఒక మహారాణి, పన్ను వసూలు చేసే గుమాస్తాలు కూడా ఉన్నారు" అన్నాను. ఆయన నవ్వుతూనే పుస్తకం చేతిలోకి తీసుకుని వెనక అట్ట తిప్పారు. అక్కడ రచయిత్రి ఫోటో ఉంది, ముప్పై ఏళ్లుంటాయేమో, మెడ వరకు కత్తిరించిన జుట్టు.

నవ్వు ఆగిపోయింది. టీ గ్లాసు కౌంటర్ మీద పెట్టారు, పెట్టాల్సిన చోట కాదు, కాస్త అంచుకి. నేను పట్టుకున్నాను.

"ఇది పిచ్చుక" అన్నారు.

"ఏది?"

"మా అమ్మాయి. పిచ్చుకా అని పిలిచేవాణ్ణి." వేలితో ఫోటో కింద పేరు తడిమారు. "ముందు ఉన్నది వాళ్లమ్మ పేరు. వాళ్లమ్మ పేరు తన పేరుకి ముందు పెట్టుకుంది."

ఆ పుస్తకం ఆయనకి ఇచ్చేశాను. నేను ఇంకా నూరు పేజీల దగ్గరే ఉన్నాను, అయినా ఇవ్వక ఏం చేస్తాను.

మర్నాడు భోజనాల వేళ చూస్తే ఆయన పక్కన పుస్తకం, చెవి మీద పెన్సిలు, ఒళ్లో గీతల నోటుబుక్కు. పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టారు. ఎడమవైపు "అమ్మాయి రాసింది", కుడివైపు "వాక్యం". పరీక్ష పేపర్లు దిద్దేవాడిలా కూర్చున్నారు.

"తప్పులు పడుతున్నారా?" అన్నాను.

"పోల్చుకుంటున్నాను. మా అమ్మాయి సండే స్కూల్లో మొదటి ప్రైజు కొట్టిన పిల్ల. అంతా తెలిసి ఇలా ఎందుకు రాసిందో చూడాలిగా."

పైకి అలా అన్నారు గానీ, పదమూడేళ్లుగా గొంతు వినని కూతురు నాలుగువందల అరవై పేజీలు మాట్లాడుతుంటే విడిచిపెట్టలేకపోయారని నాకు అర్థమైంది. రోజుకి ఇరవై పేజీలే చదివేవారు. ఎక్కువ చదివితే అయిపోతుందని.

ఆ మూడు వారాలూ కిటికీలోంచి మా ఇద్దరికీ వాదనే. ఆ కథలో ఒక అమ్మాయి దయ్యాల కోటలు ఒక్కొక్కటీ దాటుకుంటూ పోతుంది. దయ్యం అసలు పేరు తెలిస్తే అది లొంగుతుంది, అందుకని పేర్ల కోసం వెతుకుతుంది.

"ఇక్కడ తలకిందులైంది" అన్నారు మాస్టారు. "వాక్యంలో దయ్యాలే ఎదుటివాడి పేరు చెబుతాయి. యేసు ప్రభువు ఎవరో శిష్యులకి తెలియకముందే వాటికి తెలిసిపోయింది. చూడగానే కేకలు పెట్టాయి."

"ఆయన మాత్రం పేరు అడగలేదా?"

కాసేపు చక్రం ఆపి ఆలోచించారు. "ఒకచోట అడిగాడు. సమాధుల్లో ఉన్నవాణ్ణి." నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు. "ఇది నీకు ఒక మార్కు."

ఇంకోరోజు ఒప్పందాల గోల. కథలో దయ్యాలు మనుషులతో రక్తంతో సంతకాలు పెట్టించుకుంటాయి, మాట తప్పవు, అక్షరం పొల్లుపోకుండా పాటిస్తాయి. "మా వైపు దయ్యాలకి అంత నిజాయితీ లేదమ్మాయ్. వాటికి ఒప్పందాలూ పత్రాలూ తెలియవు. ప్రభువు వెళ్లగొడితే పందుల్లోకైనా పోనివ్వమని బతిమాలుకుంటాయి, అంతే" అన్నారు. కత్తులు, మంత్రదండాలు చూసినప్పుడు మరీ చిరాకు పడేవారు. "యాభై పేజీలు యుద్ధమేమిటి? అక్కడ ఒక్క మాట. పో అన్నాడు, పోయింది."

"ఒక్క మాటతో పోతే నేను పుస్తకం ఎందుకు కొంటానండీ?"

"అదీ నిజమే" అని నవ్వారు.

అన్నిటికంటే పెద్ద గొడవ ఒక ముసలి దయ్యం దగ్గర వచ్చింది. మూడో కోట కాపలా దయ్యం. అది చేసినవాటికి సిగ్గుపడి, ఆ అమ్మాయిని దాటించి, తను బూడిదైపోతుంది. మాస్టారు ఆ రోజు అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"దయ్యానికి మారుమనసా? ఎక్కడా లేదు. మొత్తం వాక్యంలో ఒక్క దయ్యం కూడా ఏడవలేదు, క్షమించమని అడగలేదు. వాటికి ఆ దారే లేదు."

"మీకు జాలి వేయలేదా మరి?"

"వేసింది" అన్నారు, దొంగతనం ఒప్పుకున్నట్టు. "దాన్ని చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే నాకు నచ్చలేదు. దయ్యం మీద జాలి పడేలా రాసిందంటే మా అమ్మాయి చెయ్యి ఎంత తిరిగిందో చూడు."

కోపంగానే అన్నారు. కానీ ఆ మధ్యాహ్నం షాపుకి వచ్చిన ఇద్దరు ముగ్గురికి, అక్కర్లేకపోయినా, "మా అమ్మాయి పుస్తకాలు రాస్తుంది" అని చెప్పడం విన్నాను.

తర్వాతి సోమవారం ఆయన పనికి రాలేదు. మంగళవారం, బుధవారం కూడా రాలేదు. ఓనరుగారు ఫోన్ చేస్తే ఎత్తలేదు. గురువారం పొద్దున వచ్చారు. గడ్డం గీసుకోలేదు. చక్రం వేయలేదు. కిటికీ దగ్గరికి కూడా రాకుండా వెనక గదిలో స్టూలు మీద కూర్చున్నారు. నేనే లోపలికి వెళ్లాను.

"పుస్తకం అయిపోయింది" అన్నారు.

"చివర ఏమవుతుంది?"

అప్పుడు చెప్పారు. కథ అంతా ఆ అమ్మాయి వెతికేది వాళ్లమ్మని పట్టిన దయ్యం కోసం. దాని పేరు తెలుసుకుంటే అమ్మని చంపింది ఎవరో తెలుస్తుందని. ఏడు కోటలు దాటుతుంది. చివరికి దయ్యాల మహారాణి ముందు నిలబడి అడుగుతుంది. మహారాణి తన పుస్తకాలన్నీ తీయించి వెతికిస్తుంది. ఆ ఇంటికి ఎవరినీ పంపలేదని చెబుతుంది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఏ దయ్యమూ లేదు. వాళ్లమ్మకి జబ్బు చేసింది, అంతే. లోకమంతా దయ్యాలున్న ఆ కథలో, ఆ ఒక్క ఇంట్లో మనుషులే ఉన్నారు.

ఆయన మొహం చూస్తే ఇది కథ గురించి కాదని తెలిసిపోయింది.

"మా ఆవిడ" అని మొదలుపెట్టారు.

పద్దెనిమిదేళ్ల కిందట ఆవిడ ఉన్నట్టుండి తల దువ్వుకోవడం మానేసిందట. వంటింట్లో కొళాయి తిప్పి, కారుతున్న నీళ్లు చూస్తూ నిలబడిపోయేది. ఎవరో తనని పనికిరానిదానివి అంటున్నారని చెప్పేది. పెద్దాసుపత్రికి తీసుకెళితే మాత్రలు ఇచ్చారు. వాటితో నెల రోజులు కాస్త తేరుకుంది, ఒకరోజు కూతురికి జడ కూడా వేసింది. అప్పుడు చర్చికి ఒక ప్రార్థనాయన వచ్చాడు. ఎక్కడెక్కడో దయ్యాలు వెళ్లగొట్టాడని పేరు. ఆయన ఆవిణ్ణి చూసి, ఇది జబ్బు కాదు, మాత్రలు మింగినంతకాలం విశ్వాసం లేనట్టే అన్నాడు.

"మాత్రలు నేనే మురుక్కాలవలో పోశాను" అన్నారు మాస్టారు. "నా చేత్తో. అది చూస్తూ నిలబడింది. వద్దనలేదు. నేను చెబితే కాదనే మనిషి కాదు."

పదకొండు రోజులు ఇంట్లో ప్రార్థన పెట్టారు. ఎనిమిదిమంది చుట్టూ కూర్చునేవారు. ఆవిడ చేతులు ఇద్దరు పట్టుకునేవారు, ఒకరు మాస్టారు. చెవిలో అరిచేవారు, బయటికి రా, బయటికి రా అని. ఆవిడ, "నేనేనండీ, నేనే" అనేది. ఆ మాట కూడా దయ్యమే అంటోందని ప్రార్థనాయన చెప్పాడు. పదమూడేళ్ల కూతుర్ని గుమ్మంలో నిలబెట్టి, ప్రతి మాటకీ ఆమెన్ అనమన్నారు. ఆ పిల్ల అన్నది. ఏడుస్తూ అన్నది.

పన్నెండో రోజు పొద్దున ఆవిడ ఇంట్లో లేదు. మధ్యాహ్నానికి కాలవలో దొరికింది.

"అంత్యక్రియల్లో నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఏమన్నానో తెలుసా? వాక్యంలోని ఆ కుర్రవాణ్ణి దయ్యం నీళ్లలో పడేసినట్టు నా భార్యని కూడా పడేసిందన్నాను. వాక్యం ఎత్తి చూపించాను. మా అమ్మాయి ముందు వరసలో ఉంది. నన్నే చూస్తోంది. అప్పటినుంచి అయిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం గానీ ఉప్పు, నీళ్లు, తాళంచెవి తప్ప మాట లేదు. పద్దెనిమిది నిండగానే వెళ్లిపోయింది."

ఆయన నోటుబుక్కు చివరి పేజీ తెరిచి నా చేతిలో పెట్టారు. ఎడమవైపు ఒక్కటే మాట: ఆ ఇంట్లో దయ్యం లేదు. కుడివైపు పేజీ నిండా రాశారు, పెన్సిలు గట్టిగా నొక్కి.

"మూడు రోజులు అదే చేశాను. దీనికి జవాబు ఉంటుందని వెతికాను. అమ్మాయిది తప్పని చూపించాలని. ఇది చూడు. ప్రభువు దగ్గరికి తెచ్చినవాళ్ల జాబితా ఉంది. రోగాలున్నవాళ్లు, దయ్యాలు పట్టినవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు, కాళ్లు పడిపోయినవాళ్లు. వేరువేరుగా రాసి ఉంది. ఇన్నేళ్లు పిల్లలకి చదివి వినిపించాను. వేరువేరుగా రాసి ఉందని చూడలేదు. ఇది చూడు, నీళ్లలో పడే ఆ కుర్రవాడి దగ్గర. ఆయన ముందు ఏం చేశాడు? అరిచాడా? పక్కన నిలబడ్డ తండ్రిని అడిగాడు, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది అని. డాక్టరు అడిగినట్టు అడిగాడమ్మాయ్. అరిచింది దయ్యం మీదే, పిల్లాడి మీద కాదు. తర్వాత వాడి చెయ్యి పట్టుకుని లేపాడు." తన చేతులు చూసుకున్నారు. "మేమూ పట్టుకున్నాం."

ఆయన అలా తల దించుకుని ఏడుస్తుంటే, ముందు షాపులో ఎవరో గంట కొట్టారు. నేను వెళ్లలేదు.

కూతురి దగ్గరికి వెళ్లాలన్నారు. ఒక్కరే వెళ్లడానికి భయం. నేనే పుస్తకం వేసినవాళ్లకి ఫోన్ చేసి, ఎవరో ఏమిటో చెప్పి నంబరు అడిగితే, ఇవ్వలేదు గానీ ఆమెకి చెబుతామన్నారు. నాలుగో రోజు ఆమే నాకు చేసింది. నేను చెప్పింది విని, "ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?" అంది. బాగానే ఉందన్నాను. "బుధవారం రండి. ఒక గంట" అని పెట్టేసింది.

బస్సులో రెండున్నర గంటల ప్రయాణం. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, గోళ్లలో తెల్లపొడి పోవడానికి బ్రష్షుతో రుద్దుకున్నట్టున్నారు, వేళ్లు ఎర్రగా ఉన్నాయి. దారంతా ఏం మాట్లాడాలో నాకు అప్పజెప్పారు. మూడో అంతస్తు మెట్లెక్కాక ఒక్క ముక్క గుర్తులేదు.

తలుపు తీసిన మనిషి ఫోటోలో కంటే చిన్నగా ఉంది. ఒకే గది, కిటికీ దగ్గర బల్ల, కాగితాలు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి తను మంచం అంచున కూర్చుంది. ఆయన నోటుబుక్కు ఇచ్చారు. మొదటి పేజీ నుంచి చదివింది. ముసలి దయ్యం దగ్గర ఆయన "దయ్యానికి మారుమనసు లేదు, అయినా పాపం" అని రాసిన చోట ఫక్కున నవ్వింది. అచ్చం ఆయన నవ్వే. మాస్టారు కూడా నవ్వబోయి, నవ్వచ్చో లేదో తెలియక ఆగారు. చివరి పేజీకి వచ్చాక చాలాసేపు పట్టింది.

"పిచ్చుకా" అన్నారు ఆయన.

"అలా పిలవకు నాన్నా."

"సరే." తల ఊపారు. "నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆమె నోటుబుక్కు మూసింది. "నీకు చెప్పాల్సినవన్నీ ఏళ్ల తరబడి మనసులో రాసుకున్నాను. తిట్లు, శాపాలు. అవన్నీ ఈ పుస్తకంలోకి పోయాయి. నీకంటూ ఏం మిగిలిందో వెతుక్కుంటే ఏమీ దొరకట్లేదు. కోపం కూడా. నువ్వు ఎదురుగా కూర్చుంటే ఎవరో పరాయి మనిషి కూర్చున్నట్టుంది."

"అది న్యాయమే."

"నేనూ ఆమెన్ అన్నాను నాన్నా. అది తెలుసా నీకు? పదకొండు రోజులు అన్నాను. అమ్మ నా వైపే చూసేది. నువ్వు దేవుణ్ణి అడుక్కుంటే క్షమిస్తాడేమో. నేను ఎవరినడగాలి?"

"నీ తప్పేం ఉంది? నువ్వు చిన్నపిల్లవి. నేను అనమన్నాను. అది కూడా నా మీద వేసుకుంటాను, నాకివ్వు."

ఆమె మొహం తిప్పుకుంది. భుజాలు కదిలాయి. ఆయన లేచి ఒక అడుగు వేసి, దగ్గరికి వెళ్లలేక, మంచానికీ కుర్చీకీ మధ్య నిలబడిపోయారు. ఇంత ఇరుకు గదిలో మనుషులు అంత దూరంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని మామూలు గొంతుతో అంది. "ఒకటి చెయ్యి. అమ్మకి దయ్యం పట్టిందని ఎక్కడ చెప్పావో అక్కడే నిలబడి పట్టలేదని చెప్పు. ఆ మనుషులకే చెప్పు. నాకు కాదు."

ఆ ఆదివారం నేను ఆ చర్చికి వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. పాటలయ్యాక మాస్టారు లేచి ముందుకి వెళ్లారు. కాగితం చూసి చదవలేదు. భార్య పేరు చెప్పి, ఆమెకి దయ్యం పట్టలేదని, జబ్బు చేసిందని, మందులు తానే పారబోశానని, ఇదే చోట నిలబడి ఆమె మీద అబద్ధం చెప్పానని అన్నారు.

అందరూ విన్నారు. విన్నాక నా ముందు కూర్చున్న ఒకావిడ పక్కావిణ్ణి మెల్లగా అడిగింది, "ఎవరి గురించి?" ఆవిడ తెలియదన్నట్టు పెదవి విరిచింది. మాస్టారు తర్వాత చెప్పారు, అప్పటి మనుషులు అక్కడ ముగ్గురో నలుగురో ఉన్నారట. ప్రార్థనాయన ఎప్పుడో పోయాడు. ఆనాడు రెండో చెయ్యి పట్టుకున్నాయనకి ఇప్పుడు మతిమరుపు, మాస్టార్ని చూసి చిరునవ్వు నవ్వుతున్నాడు. పాస్టరుగారు కుర్రవాడు, ఈ ఊరికి వచ్చి రెండేళ్లే. ఆయన మర్యాదగా మాస్టారి భుజం మీద చెయ్యి వేసి, అందరం మన సహోదరుడి కోసం ప్రార్థన చేద్దామన్నాడు.

"వాళ్లకి గుర్తే లేదు" అన్నారు మాస్టారు, బయట చెప్పులు వేసుకుంటూ. "నా మాట నమ్మి మా ఆవిణ్ణి దయ్యం పట్టిందనుకున్నారు. తర్వాత దాన్నే మర్చిపోయారు."

ఆ మాట అంటూ మెట్ల మీద కూర్చుండిపోయారు. ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. ఆవిడ చెల్లెలు నెల రోజులుగా గది దాటి బయటికి రావట్లేదని, ఇంట్లోవాళ్లు ప్రార్థనకి తీసుకెళదామంటున్నారని చెప్పింది. మాస్టారు ఆవిణ్ణి అడిగిన మొదటి మాట, "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందమ్మా?" మర్నాడు సెలవు పెట్టి వాళ్లతో ఆసుపత్రికి వెళ్లారు. చీటీ రాయించి, మందులు ఎప్పుడెప్పుడు వేయాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చారు. ఆ తర్వాత అలా ఎంతమందితో వెళ్లారో నేను లెక్కపెట్టలేదు. ప్రార్థన మాత్రం మానలేదు. సండే స్కూలు మానేశారు. పిల్లలకి ఏ కథ చెప్పబోయినా మధ్యలో ఆగిపోతున్నానన్నారు.

చర్చిలో చెప్పిన రోజే కూతురికి ఫోన్ చేశారు. ఏమందని అడిగితే, "సరే అంది" అన్నారు. ఆ సరే ఎలా అందో చెప్పమని రెండుసార్లు అడిగాను. "సరే అన్నట్టే అంది" అన్నారు.

ఆమె మళ్లీ చేయలేదు. ఆయన నెలకోసారి ఉత్తరం రాసేవారు, నాలుగు లైన్లు, వాన పడిందనీ, మోకాళ్లు నొప్పులనీ. జవాబు రాలేదు. ఉత్తరాలు తిరిగి కూడా రాలేదు. అదే చాలనుకునేవారు. "విప్పుతుందో లేదో తెలియదు. కానీ తీసుకుంటోంది" అని నాతో అనేవారు. అలా నాలుగేళ్లు. షాపులో అడుగుల చప్పుడు వినపడితే కిటికీలోంచి చూసి, మళ్లీ చక్రం దగ్గరికి పోయేవారు.

మొన్న ఎండాకాలంలో ఒక ఉదయం పనిలో ఉండగానే గుండె ఆగింది. చక్రం తిరుగుతూనే ఉంది. చేతిలో అద్దం కింద పడింది, పగలలేదు.

నేను ఫోన్ చేస్తే ఆమె వచ్చింది. సమాధుల తోట గేటు లోపలికి రాలేదు. బయట గోడ పక్కన నిలబడింది, పాటలు అయ్యేదాకా, మట్టి వేసేదాకా. అందరూ వెళ్లాక లోపలికి వచ్చి, తండ్రి దగ్గర కాదు, రెండు వరసల అవతల ఉన్న తల్లి దగ్గర కాసేపు కూర్చుంది. తర్వాత తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది. ఏం అనుకుందో నాకు తెలియదు. పెదవులు కదిలాయి.

బస్టాపు దాకా నేను తోడు వెళ్లాను. "నొప్పి పడ్డారా?" అని అడిగింది. లేదన్నాను. అంత తెలిసి కాదు, చెప్పాలని చెప్పాను.

"ఉత్తరాలన్నీ చదివాను" అంది. "ప్రతిసారీ రేపు ఫోన్ చేద్దాం అనుకునేదాన్ని. కోపం పూర్తిగా పోయాక చేద్దామని. అది ఎప్పుడో పోయింది. పోయిందని నాకు తెలియలేదు. నిన్న మీరు ఫోన్ చేశాక చూసుకుంటే లేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. బస్సు వచ్చింది. ఎక్కి, అటువైపు కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. ఇటు తిరగలేదు.

అక్కడినుంచి షాపుకి వచ్చాను. ఆ సాయంత్రం ఇవ్వాల్సిన కళ్లజోళ్లు నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పని చేసే ఆయన పోయారండీ, కాస్త ఆలస్యమవుతుంది అని చెప్పాను.